రాత్రి పది దాటాక డీజే: ఏ ఆధారంతో ఫిర్యాదు చేయాలి?

మాది రాజోలు దగ్గర కాలువ గట్టు మీది ఊరు. ఇంటికి 40 మీటర్లలో కల్యాణ మండపం ఉంది. ఈ పెళ్లిళ్ల సీజనులో ఇప్పటికి ఆరు రాత్రులు, మండపం ముందు ఆరుబయట పెట్టిన డీజే పదకొండున్నర దాటాకే ఆగింది. సినిమా పాటలంటే నాకూ ఇష్టమే, మంచి దరువు వినిపిస్తే కాలు ఊరుకోదు. గొడవంతా ఆ బాస్‌తోనే, అంటే స్పీకర్ల నుంచి వచ్చే ఆ అదిరే లోతు మోతతోనే. కిటికీలు మూసినా అలమరలో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమంటాయి. పాకలో గేదె బెదిరి పడుకోదు, తెల్లవారి పాలు సరిగా చేపదు.

మండపం యజమానిని రెండుసార్లు అడిగాను, పెళ్లివారి ఇష్టమన్నారు. పెళ్లివారు ‘ఒక్క రాత్రే కదండీ’ అన్నారు. వాళ్లకు ఒక్క రాత్రే మరి! 112కు మూడుసార్లు ఫోను చేశాను. రెండుసార్లు పోలీసులు వచ్చి తగ్గించారు, జీపు వంతెన దాటగానే మళ్లీ మొదలు. మా వరండాలో రాత్రి 11:10కి ఫోను యాప్ 84 డెసిబెళ్లు చూపించింది. వీడియో తీసి చూపిస్తే యాప్ కొలత చెల్లదన్నారు.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో నివాస ప్రాంతానికి రాత్రి పరిమితి 45 డెసిబెళ్లు. అది అటుంచితే, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకరే వాడకూడదు. గడియారం చూస్తే తేలే తప్పుకు మీటరు ఎందుకో నాకు అర్థం కాలేదు.

ఇక డీఎస్పీకి రాతపూర్వకంగా ఇవ్వాలనుకుంటున్నాను. ఇలా ఫిర్యాదు చేసి నిజంగా ఆపించగలిగినవారు దానికి ఏ ఆధారం జతచేశారు?