రన్‌వే చివర 240 మీటర్లు, గోడ బయట మనం: మీ ఊరి ఎయిర్‌పోర్టు సంగతులు చెప్పండి

గన్నవరం_గట్టు
మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. చప్పుడు విని ఏటీఆరా, ఎయిర్‌బసా చెప్పేస్తాడు. ప్రతి ఆదివారం విమానాలు చూపించమని ఒకటే గోల. రెండు విషయాలు అడగాలి. గన్నవరం రన్‌వే 3,360 మీటర్లకు పెరిగింది కదా, మీ ఊళ్లలో రన్‌వే చివర సేఫ్టీ ఏరియా (విమానం రన్‌వే దాటినా దెబ్బతినకుండా వదిలే ఖాళీ జాగా), ప్రహరీ, డ్రైనేజీ పనుల్లో ఏం మార్పు చూశారు? రెండోది, గోడ బయట నిలబడి చూస్తే ఎవరూ తరమని చోటు ఎక్కడైనా ఉందా? పోయిన నెల వేరే ఊళ్లో (పేరు రాయను) రోడ్డు పక్కన నిలబడ్డందుకు గంటసేపు కూర్చోబెట్టారు. ఫోన్లో ఫొటోలన్నీ చెరిపించారు. పిల్లాడు బెదిరిపోయాడు.

లెన్స్_లక్ష్మణ్
విమాన నిబంధనలు 1937, రూల్ 13 చదువుకోండి. ప్రభుత్వ విమానాశ్రయంలోనూ, ఎగిరే విమానంలోంచీ అనుమతి లేకుండా ఫొటో తీయకూడదని ఉంది. బయట రోడ్డు మీద నిలబడి ఆకాశంలోకి తీస్తే అది విమానాశ్రయం లోపల ఎలా అవుతుంది? ఆ కాగితం ప్రింటు తీసి బ్యాగులో పెట్టుకుని తిరుగుతాను. నన్ను రెండుసార్లు ఆపారు, రెండుసార్లూ చూపించాను, వదిలేశారు.

డాల్ఫిన్‌కొండ
విశాఖలో ఆ కాగితం చూపించకండి అన్నా. అది నేవీ వాళ్ల ఐఎన్ఎస్ డేగా. మనం ఎక్కే విమానాలు వాళ్ల రన్‌వే మీదే దిగుతాయి. అక్కడ రూల్ 13 ఒక్కటే కాదు, రక్షణ చట్టాలన్నీ వస్తాయి. భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టు దగ్గరైనా మనకంటూ ఒక చోటు అడగాలి.

గోదారి_గాలి
ఫొటోల సంగతి తర్వాత. మావారు గల్ఫ్‌లో ఉంటారు. 2020 ఆగస్టు 7 రాత్రి కేరళలోని కరిపూర్‌లో దుబాయ్ విమానం లోయలో పడిందని టీవీలో చూసినప్పుడు, ఆ వారంలోనే ఆయన కూడా కరోనా రోజుల్లో మనవాళ్లను ఇంటికి తెచ్చిన వందే భారత్ విమానం ఎక్కాలి. 190 మంది ఎక్కితే 21 మంది పోయారు. కొండ మీద రన్‌వే, వాన, చివర లోయ. రన్‌వే చివర 240 మీటర్ల ఖాళీ జాగా ఉంటే మంచిదని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థే చెబుతుంటే, కనీసం అన్న 90తో ఎందుకు సరిపెట్టుకుంటారు?

విండ్‌సాక్
27 ఏళ్లు విమానాలకు దారి చెప్పే ఏటీసీ టవర్‌లో పనిచేసినవాణ్ని, కాబట్టి చెబుతున్నాను. అమ్మా, కరిపూర్‌లో జరిగింది 90, 240 గొడవ కాదు. వెనక నుంచి గాలి వీస్తుండగా 10వ నంబర్ రన్‌వే మీద దిగారు. రన్‌వే 8,858 అడుగులైతే చక్రాలు ఆనింది 4,438 అడుగుల దగ్గర. సగం రన్‌వే గాల్లోనే పోయింది. దర్యాప్తు నివేదిక కూడా పైలట్ పద్ధతి పాటించలేదనే చెప్పింది. ల్యాండింగ్ సరిగ్గా లేదనిపిస్తే మళ్లీ పైకి లేవాలి, అంతే.

గోదారి_గాలి
అదే నివేదికలో వ్యవస్థ లోపాలనూ పట్టించుకోకుండా ఉండలేమని రాశారు, ఆ వాక్యం ఎందుకు వదిలేశారండీ? పైలట్లిద్దరూ ఆ ప్రమాదంలోనే చనిపోయారు. వాళ్లు వచ్చి జవాబు చెప్పలేరు. మనిషి తప్పు చేస్తాడనే కదా చివర ఆ జాగా వదిలేది!

విండ్‌సాక్
నేను వదలలేదు. మీకు రన్‌వే తెలియదు, టీవీ తెలుసు.

గన్నవరం_గట్టు
సార్, ఆ మాట బాలేదు. ఆవిడ ఇంటి మనిషి ఎక్కాల్సిన విమానాల గురించి మాట్లాడుతున్నారు.

వర్జీనియా_వాసు
ఇద్దరూ ఆగండి. జాగా లేకపోతే ఈమాస్ వేస్తారు. నలిగిపోయే తేలికపాటి కాంక్రీటు దిమ్మెలు. చక్రాలు అందులో దిగబడి విమానం ఆగుతుంది. మా పక్క రాష్ట్రం వెస్ట్ వర్జీనియాలో చార్లెస్టన్ ఎయిర్‌పోర్టు కూడా కొండ మీదే. 2010 జనవరిలో టేకాఫ్ మధ్యలో ఆపిన విమానం రన్‌వే దాటి అందులోకి వెళ్లి ఆగింది. 34 మందీ బతికారు. ఇక చూడ్డానికైతే వాషింగ్టన్ దగ్గర గ్రావెల్లీ పాయింట్. పార్కులో గడ్డి మీద పడుకుంటే విమానం పొట్ట కనపడుతుంది. పిల్లల్ని ఎవరూ ఒక్క మాట అనరు.

విండ్‌సాక్
ఆ చార్లెస్టన్‌లోనే 2015 మార్చిలో ఆ దిమ్మెలు వేసిన మట్టికట్ట మొత్తం కిందికి జారిపోయింది. అదీ చెప్పండి. వానలు పడే మన కొండల మీద పెట్టాలంటే ముందు మట్టి సంగతి చూసుకోవాలి. ఇంకోటి, మంగళూరులో 2010లో రన్‌వే దాటిపోయిన విమానం. దాని రెక్క చివర యాంటెన్నాల కాంక్రీటు దిమ్మెకు తగిలింది. రన్‌వే చుట్టుపక్కల నిలబెట్టేది ఏదైనా తగిలితే విరిగిపోవాలి, విమానాన్ని విరగ్గొట్టకూడదు. 158 మంది పోయారక్కడ. గోదారి గాలి గారూ, ఇందాకటి మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పొగమంచు_బాధితుడు
మీరు రన్‌వే చివర గురించి కొట్టుకుంటున్నారు, నాకు రన్‌వే మొదలే కనపడలేదు. జనవరిలో తెల్లవారుజామున గన్నవరం మీద ముప్పావుగంట తిరిగి, మంచు వీడక శంషాబాద్ పోయి దింపారు. అక్కడి నుంచి బస్సు. మా చెల్లెలి పెళ్లిచూపులు అయిపోయాయి. 3,360 మీటర్లు కాంక్రీటు పోసిన చోట మంచులో కూడా దిగగలిగేలా రేడియో సంకేతాలతో దారి చూపే ఐఎల్ఎస్ కూడా పెట్టాలి కదా?

బేగంపేట_పాతకాపు
2008 మార్చిలో బేగంపేట మూసేసిన రోజు గుర్తుందా ఎవరికైనా? రసూల్‌పురా వైపు డాబాల మీద నిలబడితే మన నెత్తి మీంచి దిగేవి. మా అన్నయ్య నంబర్లన్నీ నోటుబుక్కులో రాసేవాడు. గట్టు గారూ, రెండేళ్లకోసారి అదే బేగంపేటలో వింగ్స్ ఇండియా పెడతారు. జనాన్ని అనుమతించే రోజుల్లో టికెట్ కొనుక్కుని మీవాణ్ని తీసుకెళ్లండి. దర్జాగా విమానాల పక్కనే నిలబడొచ్చు.

లెన్స్_లక్ష్మణ్
ఒక జాగ్రత్త. 2010లో ఢిల్లీలో ఇద్దరు బ్రిటిష్ స్పాటర్లు (మనలాగే విమానాలు చూసే సరదా ఉన్నవాళ్లు) హోటల్ గదిలోంచి చూస్తూ ఏటీసీ మాటలు వింటుంటే పట్టుకున్నారు. జరిమానా కట్టాకే వదిలారు. కెమెరా కంటే రేడియోతోనే ఎక్కువ చిక్కు. పిల్లాడి ఫోన్లో అలాంటి యాప్ ఉంటే తీసేయండి.

చేను_మాది
అజ్జంపూడి, బుద్ధవరం, కేసరపల్లి. మీరు అంటున్న 3,360 మీటర్లలో మా పొలాలు ఉన్నాయి. బదులుగా అమరావతిలో ప్లాట్లు. మా నాన్న ఇప్పటికీ ఆ కంచె దగ్గరికి వెళ్లి నిలబడతాడు, విమానం కోసం కాదు. అందరూ కాంక్రీటు గురించే మాట్లాడారు, విమానాలకు అడ్డొచ్చి తగిలే పక్షుల మాట ఒక్కరూ ఎత్తలేదు. దమ్ము చేసే రోజుల్లో ట్రాక్టర్ వెనక కొంగలు వందల్లో దిగుతాయి. రోడ్డు పక్కన కోడి వ్యర్థాలు పారబోస్తే గద్దలు. ఎయిర్‌పోర్టుకు పది కిలోమీటర్ల లోపు అలా పారేయకూడదని లక్ష్మణ్ గారు చెప్పిన ఆ నిబంధనల్లోనే రూల్ 91 ఉంది. దాన్ని కూడా ప్రింటు తీసి కోడి కొట్ల దగ్గర అంటించండి.

విండ్‌సాక్
నూటికి నూరుపాళ్లు నిజం. టవర్‌లో నన్ను ఎక్కువ భయపెట్టింది గద్దలే.

గన్నవరం_గట్టు
అన్నా, మీ నాన్నగారి మాట చదివాక నాకు ఏం రాయాలో తెలియలేదు.

చేను_మాది
ఏం రాయక్కర్లేదు. మాకు మిగిలిన ముక్క కంచెకు దూరంగానే ఉంది, గట్టు మాదే. ఆదివారం నాలుగు దాటాక రండి. కెమెరా వద్దు. మా నాన్న ఉంటాడు, ఏది ఎటు నుంచి దిగుతుందో ఆయనకు గాలిని బట్టి తెలుసు.

గన్నవరం_గట్టు
వస్తాం. మావాడు ఇప్పుడే షూస్ వెతుక్కుంటున్నాడు, ఇవాళ గురువారమని చెప్పినా వినడం లేదు.