పాత కంపైలర్‌కి క్లాసులు తగిలించడం: ఎవరైనా చేసి చూశారా?

మాదాపూర్_మురళి: మా సొంత భాష సీ లాంటిది, కంపైలర్ పన్నెండేళ్ల నాటిది. ఇప్పుడు క్లాసులు, వర్చువల్ ఫంక్షన్లు (ఏది నడవాలో ఆబ్జెక్ట్‌ని బట్టి రన్ అయ్యేటప్పుడు తేలేవి) కావాలట. పార్సర్ నేను చూసుకుంటా. క్లాసుల్ని సీ కోడ్‌గా మార్చి బయటి కంపైలర్‌కి ఇచ్చేస్తే సరిపోతుందా? డిస్ట్రక్టర్లు, అంటే ఆబ్జెక్ట్ పనైపోయాక శుభ్రం చేసే ఫంక్షన్లు, ఎలా?

బోరబండ_బిట్లు: సరిపోతది అన్నా. సీ++ పుట్టిచ్చిన స్ట్రౌస్ట్రప్ మొదటి కంపైలర్ సీఫ్రంట్ గట్లనే, సీ++ని సీగ మార్చి, నడిచింది కదా. మేం గూడ గట్లనే షురూ చేసినం. గని డీబగ్గర్ల మనం రాసిన లైన్ గాదు, పుట్టిచ్చిన కోడ్ కనబడుతుండె. కస్టమర్ ఫోన్ల ఒకటే తిట్టుడు.

కూకట్‌పల్లి_కుర్రాడు: ఇది అసలు ఫైల్లో ఫలానా లైను అని చెప్పే లైన్ డైరెక్టివ్ పెడితే పోయేదిగా?

బోరబండ_బిట్లు: పెట్టినం తమ్మీ. లైన్లు దొరికినయ్, వేరియబుల్ పేర్లు దొరకలే.

సీనియర్_శాస్త్రి: ఇరవై రెండేళ్లుగా నాది ఇదే పని. సీఫ్రంట్ గొప్పలు చెప్పేవాళ్లు ఒకటి మరిచిపోతారు. ఎక్సెప్షన్లు (లోపం వస్తే ఫంక్షన్ మధ్యలోంచి బయటపడే ఏర్పాటు) ఇమడ్చలేకే 1993లో దాని 4.0 వెర్షన్‌ని వదిలేశారు.

గచ్చిబౌలి_గీత: నా ఏడుపు వేరు. 64 బిట్‌లో ఒక్క వర్చువల్ ఫంక్షన్ చేర్చానంతే, ఇంట్ ఒక్కటే ఉన్న 4 బైట్ల స్ట్రక్ట్ 16 అయింది. పాత ప్రోగ్రాములు దాన్ని ఉన్నదున్నట్టు ఫైల్లోకి రాసేవి. రాత్రి రెండింటికి ఫైల్లోని బైట్లు చూద్దామని హెక్స్ డంప్ తెరిస్తే, ఖాతా నంబరు ఉండాల్సిన చోట వీటేబుల్ (వర్చువల్ ఫంక్షన్ల పట్టిక) చిరునామా!

సీనియర్_శాస్త్రి: 4కి వీటేబుల్ పాయింటర్ 8 కలిపితే 12 అమ్మా. 16 ఎక్కడిది?

గచ్చిబౌలి_గీత: అలైన్‌మెంట్ అండీ, సైజు 8 గుణిజానికి పెరుగుతుంది. ఇరవై రెండేళ్లన్నారు?

సీనియర్_శాస్త్రి: నేను చేసింది 32 బిట్ మెషీన్ల మీద.

గచ్చిబౌలి_గీత: అక్కడ పాయింటరే 4. మొత్తం 8. మీ 12 అక్కడా రాదు.

బోరబండ_బిట్లు: 😂 అయినా స్ట్రక్ట్‌ను సీదా ఫైల్ల రాసుడేంది అక్కా?

గచ్చిబౌలి_గీత: రాసింది నేనా? రాసినవాళ్లు ఉద్యోగం మానేసి పోయారు. నా నెత్తిన పడింది.

అమీర్‌పేట_బ్యాచ్: డైమండ్ ఇన్‌హెరిటెన్స్ (ఒకే బేస్ క్లాసు రెండు దారుల్లో రావడం) మీద ఇంటర్వ్యూ ప్రశ్నలు కావాలా? సోమవారం కొత్త బ్యాచ్, డెమో ఉచితం.

కూకట్‌పల్లి_కుర్రాడు: మైత్రీవనం దగ్గర కరపత్రాలు చాల్లేవా, ఇక్కడ కూడానా?

ఉప్పల్_ఉష: డైమండ్ అన్నారు కాబట్టి చెప్తున్నా. మురళి గారూ, ఒక క్లాసుకి రెండు మూడు బేస్ క్లాసులుండే మల్టిపుల్ ఇన్‌హెరిటెన్స్ జోలికి పోకండి. రెండో బేస్ ద్వారా వర్చువల్ కాల్ వస్తే ఆబ్జెక్ట్ చిరునామా సర్దడానికి థంక్‌లనే చిన్న కోడ్ ముక్కలు రాయాలి. అవి రాసే నాకు కళ్లజోడు వచ్చింది. ఒకటే బేస్, మిగతావి ఇంటర్‌ఫేసులు. జావా అలాగే బతుకుతోంది.

సీనియర్_శాస్త్రి: జావాని భాష అనకండి.

మాదాపూర్_మురళి: గీత గారూ, భయపెట్టారు. వర్చువల్ లేని స్ట్రక్ట్‌ల సైజు మారితే బిల్డ్ ఆగిపోయేలా ఈ రోజే టెస్ట్ రాశాను. అప్పుడే రెండు ఎగిరాయి. ఇంతకీ డిస్ట్రక్టర్లు? మధ్యలో రిటర్న్ అయితే ఎవరు పిలుస్తారు?

బోరబండ_బిట్లు: గది అడగకు అన్నా. మేం రిటర్న్ ఉన్న ప్రతి కాడ శుభ్రం చేసే కోడ్‌కి దుంకిచ్చే గోటూలు పెట్టినం.