ఐస్ ప్లాంటులో ఆయిల్ తీసేటప్పుడు అమ్మోనియా కొట్టేస్తోంది, ఏం మార్చాలి?

ఐస్‌దిమ్మ (భీమవరం దగ్గర)

నమస్కారమండి. మాది దిమ్మ ఐస్ ప్లాంటు. రొయ్యల పట్టుబడి ఉన్న రోజుల్లో రాత్రీ పగలూ ఆగదు. రెండు రెసిప్రొకేటింగ్ కంప్రెసర్లు, నీళ్ళ కండెన్సరు, దాని కింద రిసీవరు, అంటే లిక్విడ్ అమ్మోనియా నిలిచే ట్యాంకు. రిసీవరు అడుగున అరంగుళం పైపు, దానికి ఒక్కటే వాల్వు. కింద బకెట్ పెట్టి హెల్పరు వాల్వు తిప్పుతాడు. ముందు నల్లగా కంప్రెసర్ ఆయిల్ వస్తుంది, తర్వాత నురగ, ఉన్నట్టుండి తెల్లటి పొగ కొడుతుంది. కళ్ళు మూసుకుని వాల్వు వెతుక్కోవాల్సి వస్తోంది.

ఈ మధ్య ఫ్యాక్టరీ పేలుడు వార్తలు చూశాక మా ఓనరు గారు రెండు క్యానిస్టర్ మాస్కులు, నాలుగు ఫైర్ సిలిండర్లు కొన్నారు. ఇక చాలన్నారు. నాకు చాలనిపించడం లేదు. అడగాల్సినవి ఇవి: ఆయిల్ తీసే సరైన పద్ధతి ఏంటి? అమ్మోనియా అసలు పేలుతుందా? ఈ మాస్కులు సరిపోతాయా? లీకైతే నీళ్ళు కొట్టాలా వద్దా?

గేజ్‌గ్లాసు

ముందు ఆ ఒక్క వాల్వు సంగతి చూడండి, మిగతావి తర్వాత.

ఆయిల్ లిక్విడ్ అమ్మోనియా కంటే బరువు, అందుకే అడుక్కి దిగుతుంది. ఆ ఆయిల్లో కొంత అమ్మోనియా కరిగి ఉంటుంది, పైన మొత్తం లిక్విడే. ఎండాకాలంలో రిసీవరు మీద చదరపు సెంటీమీటరుకి 13, 14 కేజీల ప్రెజరు ఉంటుంది. ఆయిల్ చిక్కగా ఉండి మెల్లగా వస్తుంటే మీవాడు వాల్వు ఇంకాస్త తిప్పుతాడు. ఆయిల్ అయిపోయిన క్షణంలో పల్చటి లిక్విడ్ అదే సందులోంచి దూసుకొస్తుంది. ఆ తెల్లటి పొగ అదే. లీటరు లిక్విడ్ ఆవిరైతే 800 లీటర్లకు పైనే గ్యాసు. కాబట్టి తప్పు హెల్పరిది కాదు, పైపుది.

రిసీవరు కింద ఆయిల్ పాట్, అంటే ఆయిల్ దిగే చిన్న ఉక్కు డబ్బా, పెట్టించండి. దానికి మూడు దారులు ఉండాలి: పైనుంచి రిసీవరు ఆయిల్ వచ్చేది, పై భాగం నుంచి కంప్రెసర్ సక్షన్ లైనుకి (కంప్రెసర్ గ్యాసుని లాక్కునే పైపు) వెళ్ళేది, అడుగున డ్రెయిన్. డ్రెయిన్ మీద మామూలు వాల్వు తర్వాత స్ప్రింగు వాల్వు కూడా కావాలి, చెయ్యి తీస్తే దానంతటదే మూసుకునేది. పాట్‌కి సొంత సేఫ్టీ వాల్వు తప్పదు. పని లేనప్పుడు సక్షన్ దారి తెరిచే ఉంచండి. పాట్ నిండా లిక్విడ్ పెట్టి అన్ని వాల్వులూ బిగిస్తే బాంబు తయారుచేసుకున్నట్టే.

తీసే వరస ఇది. సక్షన్ వాల్వు మూసి, రిసీవరు నుంచి పాట్‌లోకి ఆయిల్ దించండి. దిగాక రిసీవరు వాల్వు బిగించండి. ఇప్పుడు సక్షన్ వాల్వు జుట్టు వెంట్రుకంత తెరవండి. పాట్ మీద మంచు పడితే లిక్విడ్ కూడా వచ్చిందని అర్థం. గబుక్కున తెరిస్తే నురగంతా కంప్రెసర్‌లోకి పోయి దాని హెడ్డు పగులుతుంది. ఇక ఆగాలి. అరగంటో గంటో, పాట్ మీద మంచు కరిగి, చెమట ఆరి, చేత్తో ముట్టుకుంటే గది వేడికి వచ్చిందాకా. అందరూ తొందరపడేది ఇక్కడే. వేడెక్కాక సక్షన్ మూసి, స్ప్రింగు వాల్వు పట్టుకుని ఆయిల్ బకెట్లోకి వదలండి.

ఆయిల్ రాకపోతే వైరు పెట్టి పొడవకండి. అడ్డం పడిన చిక్కటి ముద్ద వదిలిందంటే వెనకాల ఉన్నది మీ మొహం మీదకే. మూసేసి, మళ్ళీ సక్షన్ తెరిచి, పాట్‌ని ఇంకాసేపు వేడెక్కనివ్వండి. మంట మాత్రం చూపించొద్దు. ఇద్దరు లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు, రెండోవాడు తలుపు దగ్గర ఉండాలి. డ్రెయిన్ నడుస్తుండగా టీకి వెళ్ళడమనే మాటే లేదండి.

ఇంకొకటి: ఇత్తడి వాల్వు, రాగి ట్యూబు, నీళ్ళ పైపుల వాడి దగ్గర దొరికిన గేజి వాడకండి. తేమతో కలిసిన అమ్మోనియా రాగిని తినేస్తుంది. ఉక్కువే కావాలి.

ప్యానెల్‌బోర్డు

పేలుతుందా అన్నారు కదా. పేలుతుంది, కానీ బయట కాదు, మూసిన గదిలో. గాల్లో 15 నుంచి 28 శాతం మధ్య ఉంటేనే అంటుకుంటుంది. ముక్కుకి ఘాటు తగిలే మోతాదుకీ దీనికీ వేల రెట్లు తేడా, అందుకే "అమ్మోనియా మండదు" అన్న మాట ప్రచారంలోకి వచ్చింది. కిటికీలు మూసిన కంప్రెసర్ రూములో పెద్ద లీకు పడితే ఆ శాతం చేరుకోవడం కష్టమేం కాదు. ఆయిల్ తుంపరలు కూడా కలిస్తే ఇంకా తక్కువకే అంటుకుంటుంది. అప్పుడు మోటారు స్టార్టరు కాంటాక్టరు పడినప్పుడు వచ్చే నిప్పురవ్వ చాలు.

కాబట్టి మెయిన్ కట్ చేసే స్విచ్చి గది బయట, తలుపు పక్కన ఉండాలి. లీకైనప్పుడు లోపలికెళ్ళి మోటారు ఆపే ప్రయత్నం వద్దు. ఎగ్జాస్ట్ ఫ్యానుకి సప్లై వేరే లైన్లో, స్విచ్చి బయటే. ఆవిరి గాలికంటే తేలిక కాబట్టి ఫ్యాను పైన, గాలి వచ్చే కన్నం కింద. డిటెక్టరు పెడితే మామూలుగా 25 పీపీఎం (గాల్లో పది లక్షల పాళ్ళకి 25 పాళ్ళు) దగ్గర సైరను, 150 దగ్గర ఫ్యాను పూర్తి స్పీడు, 40,000 దగ్గర ఫ్యాను తప్ప మిగతా కరెంటంతా ట్రిప్పు అయ్యేలా సెట్ చేస్తారు.

నిప్పు లేకుండా పగిలేది వేరే ఉంది. లిక్విడ్ లైన్లో రెండు వాల్వుల మధ్య నిండా లిక్విడ్ ఇరుక్కుంటే, ఎండ తగిలి కొన్ని డిగ్రీలు పెరిగినా వ్యాకోచానికి చోటు లేక పైపు చీలుతుంది. ఎప్పుడూ రిసీవరు వైపు వాల్వు ముందు మూసి, లైను ఖాళీ అయ్యాకే రెండోది మూయాలి. రిసీవరుని కూడా 80 శాతం దాటి నింపకండి.

ఐస్‌దిమ్మ (భీమవరం దగ్గర)

చాలా థాంక్సండి. ఆయిల్ పాట్ పెట్టాలంటే రిసీవరు కింద వెల్డింగు చెయ్యాలి కదా? మా ఫిట్టరు "లిక్విడ్ పంపేసి, వాల్వు మూసి కొట్టేద్దాం" అంటున్నాడు.

గేజ్‌గ్లాసు

ఆపండి ఆయన్ని. ఐస్ ప్లాంటులో నిజంగా పేలే పని ఏదైనా ఉందంటే ఇదే. ఖాళీ అనుకున్న పైపు గోడకి ఆయిల్ పొర, లోపల గాలీ అమ్మోనియా కలిసిన మిశ్రమం, పైన వెల్డింగు వేడి. ఇంకేం కావాలి?

రిసీవరులోని లిక్విడ్‌ని ఐస్ ట్యాంకుని చల్లబరిచే కాయిళ్ళలోకో సిలిండర్లలోకో మార్చి, సక్షన్ ద్వారా ప్రెజరు దించండి. వాల్వు మూస్తే సరిపోదు, గ్యాసు వాల్వు దాటి కారుతూనే ఉంటుంది. ఫ్లాంజి విప్పి మధ్యలో బ్లైండు ప్లేటు (కన్నం లేని రేకు) వెయ్యండి. మిగిలిన గ్యాసుని హోసుతో నీళ్ళ డ్రమ్ములో అడుగుకంటా వదలాలి. కేజీ అమ్మోనియాకి 8, 9 లీటర్ల నీళ్ళు లెక్క. 200 లీటర్ల డ్రమ్ముకి 20 కేజీలు దాటొద్దు, నీళ్ళు వేడెక్కితే ఇంకా ముందే మార్చండి. జాగ్రత్త, నీళ్ళు ఈ గ్యాసుని ఎంత ఆత్రంగా పీల్చుకుంటాయంటే, గ్యాసు ధార సన్నగిల్లగానే హోసులోంచి నీళ్ళు వెనక్కి సిస్టమ్‌లోకి ఎక్కేస్తాయి. అందుకే వాల్వు కట్టేముందు హోసు నీళ్ళలోంచి పైకి తియ్యాలి. నాన్ రిటర్న్ వాల్వు ఉంటే మరీ మంచిది.

తర్వాత అడుగున మిగిలిన ఆయిల్ వంచేసి, నైట్రోజన్‌తో కడగండి. బయటికొచ్చే గాలి దగ్గర తడిపిన ఎర్ర లిట్మస్ కాగితం పెడితే నీలం రంగుకి తిరక్కూడదు. అప్పుడు వెల్డింగు, అదీ నైట్రోజన్ పారుతుండగానే. ప్రెజరు టెస్టు కూడా నైట్రోజన్ రెగ్యులేటరుతోనే. వెల్డరు చేతిలో ఉంది కదా అని ఆక్సిజన్ ఎక్కించారా, ఆయిల్‌తో కలిసి అక్కడికక్కడే పేలుతుంది.

రిసీవరు ప్రెజరు వెసెలు. దాని ఒంటికి కొత్త నాజిలు (పైపు తగిలించే మూతి) వెయ్యాలంటే టెస్టు సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళ చేత చేయించండి. ఉన్న డ్రెయిన్ పైపు ఫ్లాంజికే పాట్ తగిలించే వీలుంటే ఆ గొడవే లేదు.

రొయ్యలరేవు (నరసాపురం)

మాస్కు, నీళ్ళ సంగతి నేను చెబుతాను.

క్యానిస్టరు, అంటే మాస్కుకి తగిలించే వడపోత డబ్బా, గాలిని శుభ్రం చేస్తుందే గాని గాలిని పుట్టించదు. ఆయిల్ తీసేటప్పుడు, వాల్వు గ్లాండు (కాడ చుట్టూ లీకు ఆపే భాగం) బిగించేటప్పుడు పనికొస్తుంది. 300 పీపీఎం దాటితే ప్రాణాపాయం కింద లెక్క, అక్కడికి క్యానిస్టరుతో వెళ్ళకూడదు. వీపున సిలిండరు కట్టుకునే బ్రీతింగ్ సెట్టు కావాలి, ఒకటి కాదు రెండు. 6.8 లీటర్ల సిలిండరు 300 బార్ నిండుగా ఉంటే సుమారు 2,000 లీటర్ల గాలి. కష్టపడే మనిషి నిమిషానికి 40 లీటర్లు పీలుస్తాడు, గాలి తగ్గిందని విజిల్ మోగాక మిగిలింది బయటికి రావడానికే. అంటే లోపల పనికి అరగంటో నలభై నిమిషాలో. సెట్లు కంప్రెసర్ రూములో తగిలించొద్దు, గేటు దగ్గర పెట్టండి. గడ్డం ఉంటే ఏ మాస్కూ అంటుకోదు.

నీళ్ళు ఆవిరి మీద కొట్టండి, లిక్విడ్ మడుగు మీద కాదు. లిక్విడ్ మైనస్ 33 డిగ్రీల దగ్గర మరుగుతుంది, మన నీళ్ళు దానికి పొయ్యి లాంటివి, గ్యాసు ఇంకా ఎక్కువ లేస్తుంది. గాలి వెళ్ళే వైపు తెరలా స్ప్రే పట్టాలి. ఆ నీళ్ళు బోదెలోకి, మురుగు కోడులోకి పోకుండా ముందే ఇసక బస్తాలు సిద్ధంగా ఉంచండి. మీ వెనకాల చెరువుల వాళ్ళు అదే కాలవలోంచి తోడుకుంటే రొయ్య మొత్తం తేలిపోతుంది. డ్రమ్ము నీళ్ళకీ ఇదే వర్తిస్తుంది.

గాలి ఎటు వీస్తుందో చూపించే గాలి సంచీ ఒకటి పైకప్పు మీద కట్టండి. మనకి మధ్యాహ్నం పడమటి గాలి, సాయంత్రం పైరగాలి, ఏ పూట ఎటు వీస్తుందో గుర్తుపెట్టుకుని పరుగెత్తలేం. గాలికి అడ్డంగా పక్కకి వెళ్ళి, తర్వాత ఎదురెళ్ళాలి. ఆవిరి తేలికే గాని, లిక్విడ్ చిమ్మినప్పుడు చల్లటి మబ్బు మన తేమ గాలిలో నేల మీదే పాకుతుంది. అప్పుడు పైకి పోతుందిలే అనుకుని నిలబడొద్దు.

కళ్ళలో పడితే కనీసం 15 నిమిషాలు ఆగకుండా కడగాలి, తర్వాతే ఆసుపత్రి. బట్టలు ఒంటికి గడ్డకట్టి అంటుకుంటే లాగకండి, చర్మం వచ్చేస్తుంది, ముందు నీళ్ళతో తడపండి. షవరుకి మేడ మీద నల్ల ట్యాంకు నుంచి పైపు ఇస్తుంటారు. మే నెల మధ్యాహ్నం అందులో నీళ్ళు చెయ్యి పెట్టలేనంత కాలుతాయి. నీడలో ట్యాంకు పెట్టించండి.

ప్రాసెసింగ్ షెడ్డు కూడా ఉంటే మురుగునీటి ట్యాంకుని మర్చిపోవద్దు. 2017 మార్చి 30న మొగల్తూరు మండలంలో రొయ్యల ప్లాంటు ట్యాంకు శుభ్రం చేస్తూ అయిదుగురు చనిపోయారు. అలాంటి ట్యాంకుల్లో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాసు అమ్మోనియాకి పూర్తిగా ఉల్టా: గాలికంటే బరువు, ఎక్కువైతే ముక్కుకి వాసనే తెలియదు. బురద కదిపితేనే బయటికొస్తుంది. పై నుంచి గ్యాసు మీటరు దించి పైనా, మధ్యలో, అడుగునా చూడకుండా, బెల్టూ తాడూ లేకుండా ఎవర్నీ దింపొద్దు. పడినవాణ్ణి తీయడానికి బ్రీతింగ్ సెట్టు లేకుండా దిగొద్దు.

ఐస్‌దిమ్మ (భీమవరం దగ్గర)

వెల్డింగు ఆపించానండి. చివరిగా, నెలకి ఎంత ఆయిల్ వస్తే మామూలు అనుకోవాలి?

గేజ్‌గ్లాసు

అంకె అడక్కండి, రిజిస్టరు పెట్టండి. కంప్రెసర్‌లో పోసిన లీటర్లు ఒక గడిలో, డ్రెయిన్‌లో వచ్చినవి పక్క గడిలో. పోసింది ఎక్కువ, వచ్చింది తక్కువైతే ఆయిల్ కాయిళ్ళలో పేరుకుంటోంది, ఐస్ గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. పోయడమే ఎక్కువైతే కంప్రెసర్ పిస్టన్ రింగులు చూడండి. పాత ఆయిల్‌ని మళ్ళీ పోయకండి. దాన్లో అమ్మోనియా ఇంకా ఉంటుంది, బకెట్‌ని మూత బిగించకుండా గాలి తగిలేచోట ఒక రోజు ఉంచి అప్పుడు పంపించండి.

అన్నట్టు, బ్రైన్ ట్యాంకు (ఐస్ దిమ్మల చుట్టూ ఉండే ఉప్పునీళ్ళ ట్యాంకు) కూడా నెలకోసారి చూడండి. కాసిని బ్రైన్‌లో కొద్దిగా కాస్టిక్ సోడా వేసి, వేడి చేసి, పైన తడి ఎర్ర లిట్మస్ పట్టుకోండి. నీలం రంగు వస్తే కాయిలు చిల్లు పడింది.