పాప పాస్‌పోర్టు గడువు అయిపోయింది. కారులో కెనడా వెళ్లి రావడానికి బర్త్ సర్టిఫికెట్ చాలా?

వలసపిట్ట:
అందరికీ నమస్తే. పాప అమెరికాలో పుట్టింది, 8 ఏళ్లు. పాస్‌పోర్టు గడువు పోయిన నెలతో అయిపోయింది. వచ్చే నెల కారులో నయాగరా వెళ్లి, కెనడా వైపు రెండు రాత్రులుండి రావాలి. వెళ్లేది తల్లీ పాపా మాత్రమే. తండ్రి ఇండియాలో ఉన్నారు, ఇంకో మూడు నెలల దాకా రారు. తల్లిది హెచ్1బీ (అమెరికా ఉద్యోగ వీసా), కెనడా విజిటర్ వీసా ఉంది. బర్త్ సర్టిఫికెట్ చాలని కొందరు, సరిహద్దు వంతెన మీదనుంచే వెనక్కి పంపేస్తారని కొందరు అంటున్నారు. ఏది నమ్మాలి?

పత్రాలపెట్టె:
చాలు. 2009 జూన్ 1 నుంచి ఉన్న నియమం ఇది. 16 ఏళ్లు నిండని అమెరికా పౌరులు నేలదారిన గానీ ఓడలో గానీ కెనడా నుంచి తిరిగొస్తే బర్త్ సర్టిఫికెట్ చూపితే సరిపోతుంది. ఒరిజినలే అక్కర్లేదు, ఫొటోకాపీ కూడా తీసుకుంటారు. స్కూలు బృందంతోనో, గుడి తరఫునో, యువజన బృందంతోనో వెళ్తే 19 ఏళ్ల లోపు వాళ్లకీ ఇదే వర్తిస్తుంది. కారులో కెనడాలోకి వెళ్లేటప్పుడు కూడా పిల్లలకి పౌరసత్వ రుజువుగా ఇదే పనికొస్తుంది. విమానమైతే మాత్రం కుదరదు. 2007 జనవరి 23 నుంచి చంటిపిల్లలకైనా పాస్‌పోర్టు ఉండాల్సిందే.

ఒక్క జాగ్రత్త. ఆసుపత్రిలో పాదాల ముద్రలు వేసి ఇచ్చే కాగితం బర్త్ సర్టిఫికెట్ కాదు. రాష్ట్రం గానీ కౌంటీ గానీ ఇచ్చినదై, రిజిస్ట్రార్ సంతకం, సీలు ఉండాలి. తల్లిదండ్రుల పేర్లు లేని పొట్టి రకం ఒకటి ఉంటుంది, అది వద్దు. పేర్లున్నది తెప్పించుకోండి.

నల్లేరు:
పత్రాలపెట్టె గారూ, రూల్ మీరు చెప్పినట్టే ఉంది. కానీ నేనైతే పాస్‌పోర్టు లేకుండా పిల్లని సరిహద్దు దాటించొద్దనే చెబుతా. అవతల ఏదైనా అత్యవసరం వచ్చి అదే రోజు తిరిగి రావాల్సి వస్తే? టొరంటోలో విమానం ఎక్కనివ్వరు. కాన్సులేట్‌కి వెళ్లి అత్యవసర పాస్‌పోర్టు అడగాలి, అక్కడా తండ్రి సమ్మతి అడుగుతారు. అదేదో ఇప్పుడే చేసుకుంటే పోయె.

16 లోపు పిల్లల పాస్‌పోర్టుకి రెన్యూవల్ అనేదే లేదు. పోస్టులో పంపలేరు, ఆన్‌లైన్‌లో చేయలేరు. ప్రతిసారీ డీఎస్-11 అనే దరఖాస్తు ఫారం కొత్తగా నింపి, పిల్లతో పాటు తల్లీ తండ్రీ ఇద్దరూ వెళ్లాలి. తండ్రి రాలేకపోతే డీఎస్-3053 అనే సమ్మతి ఫారం మీద నోటరీ ముందు సంతకం చేసి పంపాలి, నోటరీకి చూపించిన ఐడీ రెండు వైపులా జిరాక్స్ జత చేయాలి. సంతకం పెట్టి 90 రోజులు దాటితే చెల్లదు. ఫీజు 100 డాలర్లు, పైన 35. పుస్తకం ఇప్పుడు అవసరం లేదనుకుంటే పాస్‌పోర్టు కార్డయినా తీసుకోండి, పిల్లలకి 15, పైన అదే 35. కార్డు నేలదారికీ ఓడకీ పనికొస్తుంది, విమానానికి పనికిరాదు.

గోదారిగట్టు:
తల్లి డ్రైవింగ్ లైసెన్స్ మీద రియల్ ఐడీ నక్షత్రం ఉంటే చాలదా?

పత్రాలపెట్టె:
చాలదండీ. రియల్ ఐడీ దేశం లోపలి విమానాలకి. సరిహద్దుకి పనికొచ్చేది ఎన్‌హాన్స్‌డ్ లైసెన్స్. మిషిగన్, మిన్నెసోటా, న్యూయార్క్, వెర్మాంట్, వాషింగ్టన్ రాష్ట్రాలు ఇస్తాయి, అదీ అమెరికా పౌరులకే. హెచ్1బీ తల్లికి ఇండియా పాస్‌పోర్టు, కెనడా వీసా తప్పవు.

నల్లేరు గారూ, మూడు వారాల్లో ఇండియా నుంచి డీఎస్-3053 వచ్చి, అపాయింట్‌మెంట్ దొరికి, పాస్‌పోర్టు ఇంటికొస్తుందా? అడిగినదానికి జవాబు చెప్పండి. చట్టం చాలంటోంది.

మంచుదారి:
పెద్దపిల్లగాడు ఇండియాలో పుట్టి హెచ్4 (హెచ్1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉంటే ఇదంతా నడవదు అన్నా. గా బాబుకి ఇండియా పాస్‌పోర్టు, కెనడా వీసా రెండూ కావాలె. తమ్ముడో చెల్లెలో అమెరికా పౌరులైతే వీడికి ఏం లాభం లేదు.

చెట్టునీడ:
మీరిద్దరూ పౌరసత్వం దగ్గరే ఆగిపోయారు. పాప ఎవరో పాస్‌పోర్టు చెబుతుంది, ఎవరి పాపో చెప్పదు. అమెరికా పాస్‌పోర్టులో తల్లిదండ్రుల పేర్లు ఉండవు. ఇండియా పాస్‌పోర్టు చివరి పేజీలో ఉంటాయి కాబట్టి మనకి ఆ తేడా తట్టదు.

బూత్‌లో కూర్చున్న ఆఫీసర్ చేతిలో ఏముంటుందో చూడండి. తల్లి పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు. పాపకి తండ్రి ఇంటిపేరు. తల్లి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి ఉంటే అమెరికా వీసా మీద అసలు పేరు ఇంటిపేరు గడిలోకి జరిగి, మొదటి పేరు చోట ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే ఒక్క మాట కూడా కలవదు. ఆ ఇద్దరినీ కలిపేది బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే. పాస్‌పోర్టు ఉన్నా సరే అది చేతిలో ఉండాలి. ఆ తర్వాత అడిగేది తండ్రి ఏడీ అని. పాపని తీసుకెళ్లడానికి తండ్రి అనుమతి ఇస్తూ రాసే లెటర్ సంగతి ఇద్దరిలో ఒక్కరూ ఎత్తలేదు.

పత్రాలపెట్టె:
కావాలనే ఎత్తలేదు. అమెరికా వైపు అది సిఫార్సు మాత్రమే. లేకపోతే పాపని లోపలికి రానివ్వరని ఏ రూల్‌లో ఉందో చూపించండి.

నల్లేరు:
కెనడా వైపు సంగతి? 18 లోపు పిల్లలు ఒక్కరితోనే వస్తే రెండోవారి సంతకంతో లెటర్, అందులో చిరునామా, ఫోన్ నంబరు, సంతకం ఉన్న పాస్‌పోర్టు పేజీ కాపీ తెమ్మని వాళ్లే చెబుతున్నారు. తప్పిపోయిన పిల్లల కోసం బూత్‌లోనే చూస్తుంటారు. "తప్పనిసరి కాదు" అని చెప్పి ఒక తల్లిని వంతెన మీద గంటలకొద్దీ కూర్చోబెట్టడం న్యాయమా?

పత్రాలపెట్టె:
న్యాయం గురించి మీరు చెప్పకండి. కన్నతల్లి బిడ్డని జలపాతం చూపించడానికి మొగుడి సంతకం తెచ్చుకోవాలా? సంతకం పెట్టనని బెదిరించి పిల్లల పాస్‌పోర్టులు నెలల తరబడి ఆపేసేవాళ్లు ఈ వేదికలోనే ఎంతమంది గురించి చదివాం? ప్రతి కాగితాన్నీ "ఉంటే మంచిది" అంటూ మీలాంటివాళ్లే తప్పనిసరి చేసేస్తున్నారు.

నల్లేరు:
అదే లెటర్ తండ్రి ఒక్కడే వెళ్లినా అడుగుతారు. మొగుడు, పెళ్లాం అనే తేడా అందులో లేదు.

ఇక రెండో వైపు బాధ కూడా వినండి. అమెరికా వదిలి వెళ్లేటప్పుడు పాస్‌పోర్టు మీద ముద్ర వేసే కౌంటరంటూ లేదు. ఒకరు పిల్లని తీసుకుని ఇండియా వెళ్లిపోతే, పిల్లల అపహరణ మీద 1980 నాటి హేగ్ ఒప్పందంలో ఇండియా లేదు. అమెరికా, కెనడా ఉన్నాయి. ఇక్కడ ఉండిపోయినవాళ్లు బిడ్డ ముఖం చూడటానికి ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరుగుతారు. పాస్‌పోర్టుకి రెండు సంతకాలు, సరిహద్దులో ఆ ఒక్క ప్రశ్న. కోర్టుకెక్కకముందు వాళ్లకి ఉన్న ఆసరా ఇంతే. దాన్ని కూడా తీసేయమంటున్నారు మీరు.

పత్రాలపెట్టె:
తీసేయమనలేదు. బర్త్ సర్టిఫికెట్‌తో కారులో దాటిన పాప టొరంటోలో విమానం ఎక్కలేదని ఇందాక మీరే అన్నారు. మరి ఆ కాగితంతో ఇండియాకి ఎలా తీసుకెళ్లిపోతారు? భయమున్నవాళ్లు పాస్‌పోర్టు అలర్ట్‌లో పిల్ల పేరు నమోదు చేసుకోవచ్చు, ఎవరైనా కొత్త పాస్‌పోర్టుకి అప్లై చేస్తే కబురొస్తుంది. నా బాధల్లా సంతకం ఇవ్వని మనిషి చేతిలో చిక్కుకున్నవాళ్ల గురించి. వాళ్లు ఏం చేయాలో చెప్పండి.

చెట్టునీడ:
ఇప్పటికి అసలు మాట బయటికొచ్చింది. చెబుతా. పూర్తి కస్టడీ కోర్టు ఆర్డర్ ఉంటే పాస్‌పోర్టుకి రెండో సంతకం అక్కర్లేదు. బర్త్ సర్టిఫికెట్‌లో ఒక్కరి పేరే ఉన్నా అక్కర్లేదు. రెండోవారు చనిపోతే మరణ ధృవపత్రం చాలు. మనిషి ఆచూకీ లేకపోతే డీఎస్-5525 ఫారంలో ఎలా వెతికారో, ఎప్పుడు మాట్లాడారో వివరంగా రాయాలి. "దొరకట్లేదు" అని ఒక్క ముక్క రాస్తే ఒప్పుకోరు. ఆచూకీ ఉండి మొండికేస్తే ఫారాలతో పని కాదు, కోర్టుకే వెళ్లాలి. అలర్ట్ కూడా కొత్త పాస్‌పోర్టు సంగతే చెబుతుంది, ఇప్పటికే చేతిలో ఉన్నదాన్ని ఆపదు.

వలసపిట్ట గారూ, ఈ పాప తండ్రి సంతకం పెడతారా, పెట్టరా?

వలసపిట్ట:
పెడతారండీ, గొడవేం లేదు. అసలు డీఎస్-3053 పంపితే ఈ ప్రయాణానికి కూడా అదే చూపించొచ్చు అనుకున్నాం.

చెట్టునీడ:
అది పాస్‌పోర్టు తీయడానికి మాత్రమే. ప్రయాణానికి లెటర్ వేరే రాయాలి, ఇంగ్లీషులో. పాప పూర్తి పేరు, పుట్టిన తేదీ, తల్లి పేరు ఆమె పాస్‌పోర్టులో ఉన్నట్టే, వెళ్లే తేదీ, వచ్చే తేదీ, బస చేసే చోటు, "వీళ్లిద్దరూ దేశం దాటి వెళ్లడానికి నా అనుమతి ఉంది" అన్న వాక్యం. నోటరీ చేయిస్తే మంచిది. పాత పాస్‌పోర్టు కూడా పెట్టుకోండి, ఫొటో ఉంటుంది.

నల్లేరు:
ఫోన్ నంబరు ఇండియాది ఇస్తారు కదా, సరిహద్దు దాటే వేళకి అక్కడ అర్ధరాత్రి కావచ్చు. ఫోన్ ఎత్తమని ముందే చెప్పి ఉంచండి. వేరే కుటుంబాలతో కలిసి వెళ్తుంటే వంతెన దగ్గర పాప తల్లి కారులోనే ఉండాలి, స్నేహితుల పిల్లలతో వెనక కారులో కాదు. ఆఫీసర్ పాపనే అడగొచ్చు, ఎక్కడికి వెళ్తున్నారు, నాన్న ఎక్కడ అని. పాప నోటికి ముందు తల్లి జవాబు చెప్పకూడదు.

పత్రాలపెట్టె:
లెటర్ తప్పనిసరి కాదన్న మాట మీదే ఉన్నాను. రాస్తే మాత్రం తప్పుల్లేకుండా రాయండి. బర్త్ సర్టిఫికెట్‌లో తల్లి పేరు పెళ్లికి ముందుది ఉంటుంది. ఆ పేరు, పాస్‌పోర్టులోని పేరు వేరైతే రెండూ ఒకరివేనని లెటర్‌లో ఒక వాక్యం రాయించి, మ్యారేజ్ సర్టిఫికెట్ కాపీ జత చేయండి. తల్లి అమెరికా వీసా స్టాంపు గడువు కూడా చూసుకోండి. అయిపోయినా 30 రోజుల లోపు కెనడా నుంచి తిరిగి రావచ్చు, కానీ ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు ఉండాలి, అక్కడ కొత్త వీసాకి అప్లై చేయకూడదు.

వలసపిట్ట:
స్టాంపు ఫిబ్రవరిలోనే అయిపోయింది, ఐ-94 ఇంకా ఏడాది ఉంది. లెటర్ రాసి ఆదివారం ఇక్కడ పెడతాను, పేర్లు మాత్రం కొట్టేసి.