చిగుళ్ల వ్యాధికి జన్యు పరీక్ష: రాయాలా, దండగా?

చిగురుటాకు:
బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పి ఐఎల్-1 (వాపును రేపే ఇంటర్‌ల్యూకిన్-1 ప్రోటీన్) జన్యురకం చెప్పే పరీక్షను చిగుళ్ల పేషెంట్లకు రాయాలనే నా వాదన. 1997లో కోర్న్‌మన్ అనే పరిశోధకుడి బృందం చూపిందేమిటి? ఐఎల్-1ఏ, ఐఎల్-1బీ జన్యువులు రెండింటిలోనూ ముప్పు రకం ఉండి పొగతాగని 40-60 ఏళ్లవారిలో తీవ్రవ్యాధి ఆడ్స్ (వచ్చే అవకాశపు లెక్క) 18.9 రెట్లు. కారణం కూడా అర్థమయ్యేదే. పాచిలోని బ్యాక్టీరియా పైపొర ముక్కలు తగలగానే తెల్లకణాలు ఐఎల్-1 బీటా వదులుతాయి. అది ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్టులను లేపుతుంది. కొందరిలో ఆ కుళాయి కాస్త పెద్దది, అంతే.

ఎక్స్‌రే బాబాయ్:
కుళాయి కథ బాగుందండీ, లెక్కే నిలబడలేదు. 18.9 అన్నది చిన్న గుంపులో వచ్చింది. 2007లో అన్ని అధ్యయనాలనూ కలిపి చూసిన సమీక్ష, ఆ రకానికి వ్యాధి ముదరడానికి సంబంధం ఉందనడానికి ఆధారం చాలదని తేల్చింది. పైగా చైనా సంతతివారు 300 మందిని చూస్తే ఆ జోడీ 2.3 శాతంలోనే కనపడింది. యూరప్‌వాళ్లలో దాదాపు మూడో వంతు మందికి ఉంటుంది. మరి చైనావాళ్లకు పయోరియా రాదా? వేరే జనాభాలో కుట్టిన చొక్కా మన పేషెంటుకు తొడగడం ఎందుకు?

చిగురుటాకు:
వంశం ప్రభావమే లేదంటారా? అమెరికాలో 117 జతల కవలల్లో పెద్దల పీరియాడాంటైటిస్ (పంటి చుట్టూ ఎముక పోయే చిగుళ్ల వ్యాధి) తేడాల్లో దాదాపు సగం జన్యువులదేనని తేలింది. శ్రీలంక టీ తోటల్లో పళ్లు తోముకునే అలవాటే లేని 480 మంది మగవాళ్లను హెరాల్డ్ లో అనే పరిశోధకుడి బృందం 15 ఏళ్లు గమనించింది. పాచి, గార అందరికీ ఉన్నాయి. అయినా 8 శాతం మందికి పంటి పట్టు వేగంగా పోయింది, 11 శాతం మందికి చిగురు వాపు దాటి ముందుకే పోలేదు.

ఎక్స్‌రే బాబాయ్:
వంశం లేదని ఎవరన్నారు? ఆ సగం ఒక్క జన్యువుదని మీరు అనుకుంటున్నారు, తేడా అక్కడే. జీనోమ్ (జన్యువులన్నీ) మొత్తం వెతికిన అధ్యయనాల్లో పైకి తేలినవి సిగ్లెక్-5, డెఫా1ఏ3 లాంటి జన్యువులు. మొదటిది తెల్లకణాల దూకుడుకు కళ్లెం, రెండోది న్యూట్రోఫిల్స్ (క్రిములను ముందుగా ఎదుర్కొనే తెల్లకణాలు)లోని క్రిమినాశక ప్రోటీన్ డిఫెన్సిన్. ఒక్కోదాని వంతు చిన్నదే. చేతిలో ఉన్న ఉచిత పరీక్ష వదిలేస్తారెందుకు? బాగా దెబ్బతిన్న పంటి దగ్గర ఎముక నష్టం శాతాన్ని వయసుతో భాగించండి. 35 ఏళ్లవాడికి 40 శాతం పోతే 1.14. ఒకటి దాటింది కాబట్టి గ్రేడ్ సి, అంటే వేగంగా ముదిరే రకం. రోజుకు 10 సిగరెట్లు, లేదా షుగరుండి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) 7 శాతం ఉన్నా అదే గ్రేడ్. చిగుళ్ల వ్యాధుల 2017 వర్గీకరణలో జన్యు పరీక్ష ఆ గ్రేడ్ల పట్టికలోకి రాలేదు.

చిగురుటాకు:
సరే, గ్రేడ్‌కు వద్దు. రిపోర్టు చూపిస్తే పేషెంటు భయపడి మెయింటెనెన్స్‌కు (క్రమం తప్పని చెకప్, శుభ్రతకు) వస్తాడు కదా?

ఎక్స్‌రే బాబాయ్:
నెగెటివ్ వచ్చినవాడో? "మనకేం కాదు" అని స్కేలింగ్ ఎగ్గొడతాడు. వాడి 6 మి.మీ. పాకెట్ (చిగురుకూ పంటికీ మధ్య లోతైన సందు) రిపోర్టు చదవదు. ప్రోబ్ (ఆ లోతు కొలిచే సన్నటి పుల్ల)తో పంటికి ఆరుచోట్ల కొలిచి, రక్తం కారే చోట్లు అతనికే చూపించండి, అంతకుమించిన భయం లేదు.

పాలపళ్లు:
ఇద్దరూ పెద్దవాళ్ల నోళ్లలోనే ఉండిపోయారు. జన్యు పరీక్ష అసలు కావాల్సింది పిల్లలకు. పాలపళ్లు వచ్చిన కొద్దికాలానికే చిగుళ్లు వాచి, నాలుగైదేళ్లకే ఊడిపోతుంటే ముందు అరచేతులు, అరికాళ్లు చూడండి. చర్మం మందంగా, పొలుసులుగా ఉంటే పాపిలాన్-లెఫెవ్ర్ అనే అరుదైన వంశపారంపర్య జబ్బును అనుమానించాలి. 1999లో దాని మూలం సీటీఎస్‌సీ జన్యువులో దొరికింది. ఆ జన్యువు తయారుచేసే క్యాథెప్సిన్-సి అనే ఎంజైము లేకపోతే న్యూట్రోఫిల్ ఎంజైములు మేల్కొనవు. లోపపు ప్రతి అమ్మానాన్నలిద్దరి నుంచీ రావాలి, కాబట్టి మేనరికాలు, మేనమామ పెళ్లిళ్లు ఉన్న మన ఇళ్లలో ఆ ప్రశ్న తప్పకుండా అడగాలి.

చర్మం మామూలుగా ఉండి, బొడ్డుతాడు ఆలస్యంగా ఊడి, తెల్లకణాలు ఎప్పుడూ ఎక్కువగా ఉంటే ఎల్ఏడీ-1 (తెల్లకణాలు రక్తనాళపు గోడకు అంటుకోలేని జన్యు జబ్బు) చూడాలి. ఐటీజీబీ2 జన్యువు లోపంతో ఆ కణాలు రక్తనాళం దాటి చిగురులోకి రాలేవు. చిగురులో వాటి కొరతతో వాపును రేపే ఐఎల్-17 అదుపు తప్పి ఎముక పోతుంది. అందుకే 2017లో ఒక రోగికి ఐఎల్-17ను లేపే గొలుసులోని ఐఎల్-12, 23లను అడ్డుకునే ఉస్టెకినుమాబ్ అనే మందు ఇస్తే చిగుళ్ల వాపు తగ్గింది. ఇలాంటి పిల్లాడి తల్లిని "బ్రష్ సరిగా చేయించట్లేదు" అని తిట్టి పంపకండి. సీబీసీ (రక్తకణాల లెక్క) రాసి, ఇమ్యునాలజీకి (రోగనిరోధక వ్యవస్థ నిపుణులకు) పంపండి.