ఘాట్ దిగుతుంటే బ్రేక్ పెడల్ కిందికి పోయింది, చల్లారాక మామూలైంది. కారణం ఏమై ఉంటుంది?

మియాపూర్ వాసి:
అందరికీ నమస్తే. మొన్న అమ్మానాన్న, మా ఆవిడ, బాబుతో శ్రీశైలం బయల్దేరాం, డిక్కీ నిండా సామాను. బండి డీజిల్ సెడాన్, మాన్యువల్, 2017 మోడల్. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక అడవంతా బాగానే నడిచింది. దోమలపెంట దాటి డ్యామ్ వైపు మూడో గేర్‌లో మలుపులు దిగుతుంటే పెడల్ మెత్తబడింది, తర్వాతి మలుపులో తొక్కితే దాదాపు కింద మ్యాట్‌కి తగిలింది, బండి మాత్రం ఆగట్లేదు. ఎదురుగా ఆర్టీసీ బస్సు ఎక్కి వస్తోంది. పెడల్‌ని టకటకా కొడుతూ సెకండ్‌లోకి వేసి, హ్యాండ్ బ్రేక్ కొంచెం కొంచెంగా లాగితే పిట్టగోడ పక్కన ఆగింది. ముందు చక్రాల దగ్గర ఘాటుగా కాలిన వాసన. ఆ కారు ఇక ఎక్కనంటోంది అమ్మ.

చాలాసేపు ఆగితే బ్రేకులు మళ్లీ మామూలుగా పట్టాయి. ఇంటికొచ్చాక సర్వీస్ సెంటర్‌లో ఇస్తే ఒక రౌండ్ నడిపి చూసి "ప్యాడ్లు బాగున్నాయి, ఆయిల్ లెవెల్ ఉంది, ప్రాబ్లమ్ ఏమీ లేదు సార్" అని పంపేశారు. ఏమీ లేకపోతే ఎందుకలా అయింది? ఏం చెక్ చేయించాలో తెలిసినవాళ్లు చెప్పండి, నిజంగా టెన్షన్‌గా ఉంది.

రాణిగంజ్ గ్యారేజ్:
సార్, లెవెల్ ఉందంటే సరిపోదు, ఆ ఆయిల్ ఎప్పటిదో మీ బిల్లుల్లో చూడండి. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, అదే నీరు చేరితే 140 దగ్గరే మరగొచ్చు. డాట్ 4 రకం అయితే కొత్తదానికి 230, నీరు చేరితే 155. ఫుల్ లోడ్‌తో ఘాట్ దిగుతూ కాలు బ్రేక్ మీదే ఉంటే డిస్కుల వేడి క్యాలిపర్‌లో (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) ఉన్న ఆయిల్‌కి ఎక్కుతుంది, మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ఇక మీరెంత తొక్కినా ఆ బలం బుడగల్ని నొక్కడానికే పోతుంది, ప్యాడ్ దాకా రాదు. చల్లారితే బుడగలు పోతాయి కాబట్టి సిటీలో ఒక రౌండ్ వేస్తే ఏమీ దొరకదు.

ప్యాడ్లు మాత్రమే వేడెక్కి పట్టు తప్పితే పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి ఆగదు. మీకు పెడల్ కిందికి పోయింది, అందుకే నా అనుమానం ఆయిల్ మీద. చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి, మీ మాన్యువల్‌లో ఉంటుంది. ఇంజిన్ ఆయిల్ టైముకి మార్పించేవాళ్లు కూడా దీన్ని ముట్టుకోరు, మా దగ్గర విప్పితే టీ డికాక్షన్ రంగులో వస్తుంది, చూస్తే బాధేస్తుంది. పై డబ్బాలో మార్చి పంపితే లాభం లేదు, నాలుగు చక్రాల దగ్గరా పాతది పూర్తిగా తీయించి ఎయిర్ కూడా తీయించండి. కొత్త డబ్బా సీల్ మీ ముందే విప్పమనండి.

ఇంకోటి, ఇంజిన్ ఆన్‌లో పెట్టి బండి నిలబడి ఉండగా పెడల్ ఒకే బలంతో తొక్కి కాసేపు పట్టుకోండి. మెల్లగా కిందికి దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాల వైపు తోసేది) లోపల రబ్బర్లు అయిపోయినట్టు. బయట ఒక్క చుక్క కూడా కారదు, అందుకే చాలామంది కనిపెట్టలేరు.

తార్నాక లక్ష్మి:
నాది దీనికి పూర్తిగా ఉల్టా అండి. ఫిల్మ్‌నగర్ డౌన్‌లో పెడల్ బిగుసుకుపోయి దిగనే లేదు, రెండు కాళ్లతో తొక్కితే ఆగింది. మనం తొక్కే బలాన్ని పెంచే బూస్టర్‌కి వెళ్లే వాక్యూమ్ పైపు పగిలిందట. ఇంట్లోనే చూసుకోవచ్చు: ఇంజిన్ ఆఫ్ చేసి పెడల్ గట్టిపడేదాకా కొట్టి, కాలు తీయకుండా స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే బూస్టర్ వైపు చూపించాలి. మీ డీజిల్ బండికి ఆ బూస్టర్ కోసం వాక్యూమ్ పంపు కూడా ఉంటుంది, ఎలాగూ ఇస్తున్నారు కాబట్టి అది కూడా చూడమనండి.

శంషాబాద్ క్యాబ్:
అన్నా, మీరు పంపింగ్ చేసి గేర్ దించడం మంచి పని. ఘాట్‌లో ఏ గేర్‌లో ఎక్కుతామో ఆ గేర్‌లోనే దిగాలి, అక్కడ మూడో గేర్ ఎక్కువే. భయంలో తాళం తిప్పి ఇంజిన్ ఆపేవాళ్లున్నారు, దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు. ఒకట్రెండు సార్లు తొక్కేసరికి బూస్టర్ సాయం పోతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, తాళం బయటికి లాగితే లాక్ కూడా పడుతుంది. ఆటోమేటిక్ అయితే ఎల్ (లో గేర్)లోనో మాన్యువల్ మోడ్‌లోనో గేర్ దించుకోండి. ఇంకా సీటు కింద వాటర్ బాటిళ్లు పెట్టొద్దు, డౌన్‌లో దొర్లి పెడల్ కింద ఇరుక్కుంటాయి.

మియాపూర్ వాసి:
చాలా థ్యాంక్స్ అండి. బిల్లులన్నీ వెతికాను, బ్రేక్ ఆయిల్ మార్చినట్టు ఎక్కడా లేదు, ప్రతి సర్వీస్‌లో "చెక్డ్, ఓకే" అని మాత్రం ఉంది. పెడల్ పట్టుకుని చూశాను, కిందికి దిగట్లేదు. ఒక్క డౌట్: బ్రేక్ ఆయిల్‌కి రెండు వేర్వేరు లైన్లు (సర్క్యూట్లు) ఉంటాయి కదా, ఒకటి పోయినా ఇంకోటి పనిచేయాలి కదా?

రాణిగంజ్ గ్యారేజ్:
పైపు ఎక్కడో తెగితే ఆ రెండోది కాపాడుతుంది సార్. రెండిట్లోనూ తిరిగేది అదే పాత ఆయిల్, ముందు రెండు చక్రాలూ కలిసి వేడెక్కితే రెండు వైపులా మరుగుతుంది. ఆయిల్ మార్చేటప్పుడు ముందు ప్యాడ్లు, డిస్కులు కాలి నీలం రంగు తిరిగాయేమో విప్పి చూడమనండి. వెనక డ్రమ్ములైతే అవి కూడా విప్పించండి, డ్రమ్ము లోపలి వీల్ సిలిండర్ రబ్బర్ల దగ్గర తడి కనిపిస్తే మార్చేదాకా బండి బయటికి తీయకండి.