లిటిల్ ప్రొఫెసర్‌కి లెక్కలు ఎక్కడి నుంచి వచ్చేవి?

టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1976లో తెచ్చిన లిటిల్ ప్రొఫెసర్ బొమ్మ లోపలి పనితీరు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అండీ? చూడ్డానికి కాలిక్యులేటరే, పని మాత్రం తిరగేసి: లెక్క అదిస్తుంది, జవాబు పిల్లలు నొక్కాలి. తప్పయితే తెరమీద ఎర్రగా ‘ఈఈఈ’ అని వస్తుంది. మూడుసార్లు తప్పితే జవాబు తనే చూపిస్తుంది. (ఆ మీసాల ప్రొఫెసర్ భలే ఉంటాడు!)

నా సందేహం: అప్పటి చిన్న చిప్‌లో లెక్కలన్నీ ముందే రాసిపెట్టారా, లేక మీట నొక్కిన క్షణాన్ని బట్టి అంకెలు అప్పటికప్పుడు పుట్టేవా? అదే కంపెనీ 1980లో తెచ్చిన లెక్కల బొమ్మ స్పీక్ అండ్ మ్యాథ్ అయితే ఏకంగా మాట్లాడేది. అందులోనూ ఇదే పద్ధతా?

మా పాప సైన్స్ ఫెయిర్‌కి ఇలాంటిదే ఆర్డువినోతో (మనమే ప్రోగ్రామ్ రాసుకోగల చిన్న సర్క్యూట్ బోర్డు) చేద్దామనుకుంటోంది. సర్క్యూట్ పటాలు గానీ, పాత మాన్యువల్ స్కాన్‌లు గానీ ఎక్కడ దొరుకుతాయో చెప్పగలరా?